కుక్కపిల్లల బాధ్యత ఎవరిది?

ఇరుగుపొరుగు ఇండ్లలో రెండు కుక్కలున్నవి. ఒకటి ఆడది, రెండవది మగది. రెండింటికిని సంతాన నిరోధక శస్త్రచికిత్స జరుగలేదు. ఒకనాటి సాయంకాలము ఎవరో గేటు వేయుట మరచినారు. లేదా నడిమి గోడ కుక్క దూకదగినంత పొట్టిగా ఉన్నది. రెండు నెలలు గడచునప్పటికి ఆడకుక్క అయిదు పిల్లలను ఈనినది. “మీ కుక్క గోడ దూకి వచ్చినది” అని ఒక ఇంటివారు, “మీ కుక్కను మీరు కట్టివేసికొనవలసినది” అని రెండవ ఇంటివారు వాదించుకొందురు. కొన్ని దినములకు రెండిండ్ల నడుమ మాటలు నిలిచిపోవును. కండ్లు తెరచి పరుగులెత్తు వయస్సు రాగానే ఆ పిల్లలు ఒక గోనెసంచిలో ఊరి వెలుపలికి చేరును. తగవు అంతటితో తీరినట్లు రెండిండ్లవారును తలంతురు. నిజమునకు అప్పుడే అది ఇద్దరి తగవు కాక ఊరివారందరి సమస్య అగుచున్నది.

ఈ తగవులో ఎవరి బాధ్యత ఎంత? ఏ విషయములోనైనను బాధ్యతను నిర్ణయించునప్పుడు రెండు ప్రశ్నలు వేయవలెను. జరుగబోవునది ఎవరికి ముందుగా తెలియును? దానిని ఆపగల శక్తి ఎవరి చేతిలో ఉన్నది? ఈ రెండింటికిని జవాబు కుక్కయొక్క శరీరధర్మములోనే లభించును. కనుక ముందుగా దానిని తెలిసికొని, పిదప ధర్మమును, చట్టమును పరిశీలింతము.

ఎదలోని నాలుగు దశలు

ఆడకుక్క సాధారణముగా ఆరవ నెలకును పండ్రెండవ నెలకును మధ్య మొదటిసారి ఎదకు వచ్చును. పెద్దజాతి కుక్కలలో ఇది ఏడాదిన్నర, రెండేండ్ల వరకు ఆలస్యము కావచ్చును. అటుపిమ్మట సగటున ఏడు నెలలకొకసారి ఎద కలుగుచుండును. కొన్నింటికి ఈ వ్యవధి నాలుగు నెలలే, మరికొన్నింటికి ఏడాది.

ఎద చక్రమును నాలుగు దశలుగా విభజింతురు. మొదటిది ఎదకు ముందటి దశ. ఇది సగటున తొమ్మిది దినములుండును. జననాంగము ఉబ్బి, రక్తస్రావము కనబడును. ఈ దినములలో మగకుక్కలు ఆమె చుట్టును తిరుగును. కాని ఆమె వాటిని దరిజేరనీయదు. రెండవది అసలైన ఎదదశ. ఇదియు సగటున తొమ్మిది దినములే. స్రావము ఎరుపు తగ్గి లేత గడ్డిరంగునకు మారును. తోకను ప్రక్కకు తొలగించి మగకుక్కను అంగీకరించును. మూడవ దశ సుమారు రెండు నెలలు. చూలు నిలిచినను నిలువకున్నను హార్మోనుల నడక ఈ కాలమున ఇంచుమించు ఒకే రీతిగా ఉండును. చూలు లేకయే పొదుగు నిండి పాలు చేపు ‘దొంగచూలు’ కుక్కలలో కనబడుటకు ఇదియే కారణము. నాలుగవది కొన్ని నెలల విశ్రాంతి దశ.

పెంపకందార్లు చేయు పెద్ద పొరపాటు మొదటి రెండు దశల సంధిలో జరుగుచున్నది. రక్తము కనబడినన్ని దినములు కుక్కను జాగ్రత్తగా కట్టివేసి, రక్తము తగ్గగానే “గండము గడచినది” అని వదలివేయుదురు. నిజమునకు గండము అప్పుడే మొదలగుచున్నది. స్రావము పలుచబడిన దినములే చూలు నిలుచు దినములు. మనుష్య స్త్రీల ఋతుస్రావముతో దీనిని పోల్చి చూచుటచే ఈ భ్రాంతి కలిగినది. రెండును వేరు వేరు. స్త్రీలలో అది గడచిన చక్రమునకు ముగింపు. కుక్కలలో రాబోవు సంతాన కాలమునకు సూచన.

మరొక విశేషము కలదు. కుక్కయొక్క అండములు అండాశయము నుండి వెలువడునప్పటికి పూర్తిగా పక్వము కావు. అవి పక్వమగుటకు మరి రెండు మూడు దినములు పట్టును. పక్వమైన తరువాత ఇంకను రెండు మూడు దినములు సజీవముగా నుండును. ఇక శుక్రకణములు ఆడకుక్క గర్భాశయ మార్గమున అయిదారు దినములు, ఒక్కొక్కప్పుడు అంతకన్న ఎక్కువ కాలము బ్రతికియుండగలవు. ఈ రెండింటిని కలిపి చూచినచో, అండము వెలువడుటకు ముందే జరిగిన కలయిక వలన కూడ చూలు నిలుచునని తెలియును. “ఒక్కసారియే గదా, అదియు మొదటి దినములలోనే గదా” అను ధైర్యమునకు ఆధారము లేదు. రక్తపు చుక్క మొదట కనబడిన నాటి నుండి నాలుగు వారములు కాపలా ఉంచుట క్షేమము. కొన్ని కుక్కలు తమ్ము తామే నాకుకొని శుభ్రముగా నుంచుకొనుటచే రక్తము కనబడనే కనబడదు. అట్టివాని విషయములో వీధిలోని మగకుక్కలు గేటు ముందు గుమిగూడుటయే మొదటి సూచన.

చిత్త కార్తెలో ఏమున్నది?

అడవిలోని తోడేలు ఏడాదికి ఒక్కసారియే జతకట్టును. దాని సంతతియే యైన కుక్క మనిషి పంచకు చేరి, తిండికి కరవు లేకపోవుటచే, ఋతువు కట్టుబాటును చాలవరకు వదలుకొన్నది. ఇంటిలో పెరుగు కుక్క ఏ నెలలోనైనను ఎదకు రావచ్చును. అయినను మనదేశపు వీధికుక్కలలో ఋతువు జాడ పూర్తిగా పోలేదు. వానలు వెనుకపట్టు పట్టు కాలమున అవి ఎక్కువగా జతకట్టును. తెలుగువారు దీనిని ఏనాడో గమనించినారు. ‘చిత్త కార్తె కుక్క’ అను తిట్టు ఆ గమనికకు సాక్ష్యము. చిత్త కార్తె అక్టోబరు నెల రెండవ వారమున ప్రవేశించి రెండు వారములుండును. కుక్క చూలు సుమారు 63 దినములు. చిత్త కార్తెలో నిలిచిన చూలు ధనుర్మాసములో ఈతకు వచ్చును. సంక్రాంతి ముగ్గుల నాటికి పల్లెవాడలలో గడ్డివాముల క్రింద, పాడుబడిన గోడల చాటున కుక్కపిల్లలు కనబడుటకు కారణము ఇదియే.

తిట్టులో ఒక అన్యాయము మాత్రము ఉన్నది. ఆ మాట మగకుక్కను తలచుకొని పుట్టినది. మగకుక్కకు ప్రత్యేకముగా ఒక కార్తె అంటూ లేదు. అది యుక్తవయస్సు వచ్చినది మొదలు సంవత్సరము పొడుగునను సిద్ధముగానే ఉండును. ఋతువు ఆడకుక్కది, మగకుక్క ఆ పిలుపునకు వచ్చునదే. ఈ భేదము బాధ్యతను పంచునప్పుడు ముఖ్యమైనది. ఆడకుక్క యజమాని ఏడాదిలో కొన్ని వారములు మిక్కిలి జాగ్రత్తగా ఉండిన చాలును. మగకుక్క యజమానికి అట్టి సెలవు లేదు.

మగకుక్క ముక్కు, మనిషి గోడ

ఎదలోనున్న కుక్క మూత్రములోను, స్రావములోను వెలువడు వాసనలు గాలిలో చాలదూరము వ్యాపించును. కుక్క ఘ్రాణశక్తి మనిషి ఊహకు అందనిది. వాసన పసిగట్టిన మగకుక్క తిండి మానివేయును, రాత్రులు ఊళలు పెట్టును, తలుపు గీరును, గోడ క్రింద మట్టి త్రవ్వును, గొలుసు తెంపుకొనజూచును. సాధారణ దినములలో దూకని గోడను ఆనాడు దూకును. “మా కుక్క ఎన్నడును ఇల్లు దాటదు” అను యజమాని మాట ఆ వారమునకు చెల్లదు. వావివరుసల పట్టింపు కుక్కలకు లేదు. ఒకే ఇంటిలో కలిసి పెరిగిన అన్నాచెల్లెండ్లు, తల్లీకొడుకులు కూడ జతకట్టును.

కలయిక మొదలైన తరువాత మగకుక్క అంగము మూలమున ఒక గ్రంథి ఉబ్బి, రెండు కుక్కలును విడిపోలేక వెనుకకు వెనుక చేర్చి నిలిచిపోవును. ఇది సాధారణముగా అయిదు నిమిషముల నుండి అరగంట వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు ఉండును. వీధిలో ఈ దృశ్యము కనబడగానే పిల్లలు రాళ్ళు రువ్వుదురు; పెద్దలు కర్రలతో కొట్టుదురు, నీళ్ళు కుమ్మరింతురు. ఇది క్రూరమే కాక నిష్ప్రయోజనము కూడ. శుక్రకణములు అధికముగా గల భాగము అప్పటికే ఆడకుక్క శరీరమున చేరియుండును. బలవంతముగా లాగినందువలన చూలు ఆగదు సరిగదా, రెండింటి అవయవములును చిట్లి గాయపడును. ఇట్టి సమయమున వాటిని నెమ్మదిగా నుండనిచ్చి, తమంతట తాము విడిపోయిన పిదప వేరుచేయుట ఒక్కటే మార్గము.

ఒకే ఈతలో ఇద్దరు తండ్రులు

ఎదదశలో ఆడకుక్క ఒకటికన్న ఎక్కువ మగకుక్కలతో కలియవచ్చును. అండములు అనేకములు, శుక్రకణములు చాలదినములు జీవించునవి. కనుక ఒకే ఈతలోని పిల్లలకు వేరువేరు తండ్రులుండుట సాధ్యము. ఒక పిల్ల పొరుగింటి అల్సేషియన్ పోలికతోను, దాని ప్రక్కనున్నది వీధికుక్క పోలికతోను పుట్టుట అద్భుతము కాదు. “పిల్లకు మా కుక్క మచ్చ లేదు, కాబట్టి మాది కాదు” అను వాదము నిలువదు. “మచ్చ ఉన్నది, కాబట్టి అన్నియు మీవే” అనునదియు నిలువదు. రంగు, చెవుల తీరు, తోక వంపు అనునవి ఎన్నో జన్యువుల ఆటవలన ఏర్పడును. తండ్రిని నిశ్చయముగా చెప్పగలది డి.ఎన్.ఏ. పరీక్ష మాత్రమే.

పాత ధర్మము చెప్పినది, చెప్పనిది

పశువుల పిల్లలు ఎవరివి అను ప్రశ్న చాల ప్రాచీనమైనది. మన ధర్మశాస్త్రములలో ఇది బీజమునకును క్షేత్రమునకును మధ్యగల వివాదముగా చర్చింపబడినది. ఒకని ఆబోతు ఇంకొకని ఆవులకు ఎన్ని దూడలను పుట్టించినను ఆ దూడలు ఆవులవానివే యని మనుస్మృతి నిర్ణయించినది. రోమను న్యాయశాస్త్రమును, దాని తరువాత ఇంగ్లీషు న్యాయమును ఇదే మార్గమున నడచినవి. తల్లి ఎవరిదో పిల్ల వారిది.

ఈ సూత్రము ఆస్తిని పంచుటకు పుట్టినది. దూడ సంపద, దానికొరకు ఇద్దరు పోటీపడుదురు. కుక్కపిల్లల విషయములో పోటీ తలక్రిందులైనది. ఎవరును “నాది” అనరు. ప్రతివారును “నీది” అందురు. జాతికుక్కల పిల్లలకు ధర పలికినప్పుడు మాత్రము మగకుక్క యజమాని తన వాటాగా ఒక పిల్లను అడుగుట గలదు. లాభమున్నచోట పాలు కోరువాడు, భారమున్నచోట తప్పించుకొనుట న్యాయము కాదు. పాత ధర్మము ఆస్తి ఎవరిదో చెప్పినది. భారము ఎవరిదో చెప్పలేదు. ఆ లోపమును నేటి చట్టము కొంతవరకు పూరించినది.

నేటి చట్టము

మనదేశమున జంతు హింసా నివారణ చట్టము 1960లో వచ్చినది. దాని క్రింద కేంద్ర ప్రభుత్వము 2001లో కుక్కల జనన నియంత్రణ నిబంధనలను ప్రకటించినది. వాటి స్థానమున 2023 మార్చిలో జంతు జనన నియంత్రణ నిబంధనలు అమలులోనికి వచ్చినవి. ఈ నిబంధనలు జంతువులను పెంపుడువి, వీధివి అని రెండు తెగలుగా విభజించినవి. పెంపుడు కుక్కకు నట్టల మందు వేయించుట, టీకాలు వేయించుట, సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించుట యజమాని బాధ్యత అని స్పష్టముగా పేర్కొన్నవి. వీధికుక్కల విషయములో ఆ పని స్థానిక సంస్థలది, అనగా పట్టణములలో పురపాలక సంఘములది, గ్రామములలో పంచాయతీలది.

ఈ నిబంధనలో ఆడకుక్క యజమాని, మగకుక్క యజమాని అను భేదము లేదు. ఇద్దరికిని ఒకే బాధ్యత. ‘పిల్లలను కనునది ఆడది గనుక శస్త్రచికిత్స దానికే కావలెను’ అను వాడుక భావమునకు చట్టమున చోటు లేదు.

అయితే పొరపాటున జతకట్టిన రెండు పెంపుడు కుక్కల పిల్లల ఖర్చు ఏ యజమాని ఎంత భరింపవలెనో ఆ నిబంధనలు చెప్పలేదు. పెంపుడు జంతువును అదుపులో నుంచనివానిని శిక్షించు భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను మనుష్యుల ప్రాణమునకు, తీవ్రగాయమునకు సంబంధించినది. కుక్కల కలయికకు కాదు. కాని పిల్లలు పుట్టిన తరువాత జరుగు అకృత్యములకు చట్టము మౌనముగా లేదు. ఆకలిదప్పులకు గురియగునట్లు జంతువును విడిచిపెట్టుట 1960 చట్టము 11వ సెక్షను ప్రకారము నేరము. జంతువును చంపుట, విషము పెట్టుట న్యాయ సంహిత 325వ సెక్షను క్రింద అయిదేండ్ల వరకు కారాగార శిక్షకు తగిన నేరము కాగలదు. గోనెసంచిలో పిల్లలను మూటగట్టి చెరువుగట్టున విడుచువారికి ఈ సంగతి తెలియవలెను.

ఊరికుక్కకు యజమాని ఎవరు?

చట్టము చేసిన రెండు తెగల నడుమ పల్లెకుక్క ఇమడదు. అది ఒక ఇంటి వాకిట అన్నము తినును, మరొక ఇంటి అరుగుక్రింద పండుకొనును, రాత్రి వాడనంతటిని కాయును. దొంగ వచ్చి మొరిగినప్పుడు “మా కుక్క” అందురు. పిల్లలను ఈనినప్పుడు “ఊరికుక్క” అందురు. యాజమాన్యము ఎవరును ఒప్పుకొనని జంతువు సమాజపు జంతువుగా లెక్కకు వచ్చును. అందువలన ఒప్పుకొనకుండుటయే తప్పించుకొను ఉపాయమైనది.

ఊరు ఊరంతయు తరలిపోవలసి వచ్చినప్పుడు ఈ ప్రశ్న మరింత నిష్కర్షగా ఎదుట నిలుచును. సిద్దిపేట జిల్లా తొగుట మండలములోని వేములఘాట్ అట్టి గ్రామము. కాళేశ్వరము పథకములో భాగమైన మల్లన్నసాగర్ జలాశయము క్రింద మునిగిన ఊళ్ళలో అది యొకటి. 2016 నుండి అచటి ప్రజలు భూసేకరణపై దీర్ఘకాలము రిలే నిరాహారదీక్షలు సాగించినారు. 2021లో ఊరు ఖాళీ అయినది. నిర్వాసితులకు గజ్వేలు దగ్గర పునరావాస కాలనీలో ఇండ్లు ఇచ్చినారు. 50 టి.ఎం.సి.ల సామర్థ్యము గల ఆ జలాశయమును 2022 ఫిబ్రవరి 23న ప్రారంభించినారు.

ఇట్టి తరలింపులలో మనుష్యులకు పట్టిక ఉండును. ఇంటికి, చెట్టునకు, బావికి వెల కట్టుదురు. ఊరికుక్క ఏ పట్టికలోనికిని ఎక్కదు. కుక్క నివాసము దాని తిండిపై ఆధారపడి ఉండును. పొయ్యిలు ఆరిపోయిన ఊరిలో అది నిలువజాలదు. పొరుగు ఊళ్ళ వైపు సాగి, అచటి కుక్కలతో కలియును. యజమాని వెంట వెళ్ళిన కుక్కకు ఇంకొక చిక్కు. పల్లెలో ఇంటికిని ఇంటికిని నడుమ దొడ్డి, పశువుల కొట్టము, కల్లము ఉండును. పునరావాస కాలనీలలో ఇండ్లు వరుసలుగా, గోడకు గోడ దగ్గరగా ఉండును. విశాలమైన దొడ్డిలో పెరిగిన కుక్కలు ఒకదాని వాకిట ఒకటి నివసింపవలసి వచ్చును. పల్లెలో ఎవరును పట్టించుకొనని కలయిక కాలనీలో పొరుగువారి తగవుగా మారుటకు ఇంతకన్న కారణము అక్కరలేదు. కొత్తగా ఏర్పడిన ఏ కాలనీలోనైనను ఇండ్ల పట్టికతో పాటు కుక్కల పట్టికను కూడ వ్రాసికొని, శస్త్రచికిత్సలకును టీకాలకును ఒక శిబిరము ఏర్పాటు చేసికొన్నచో తగవు మొదలు కాకముందే తీరును.

ఎవరి పాలు ఎంత?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చును. ముందుగా తెలియుట, ఆపగలుగుట అను రెండు కొలతలతో చూచినచో ఈ విధముగా తేలును.

ఆడకుక్క యజమాని ఎద సంగతి తెలిసియు దానిని వీధిలోనికి వదలినచో బాధ్యత అధికభాగము ఆయనదే. తేదీ తెలిసినవాడు ఆయన ఒక్కడే. ఆడకుక్కను మూసిన ప్రహరిలో జాగ్రత్తగా ఉంచగా మగకుక్క గోడ దూకి వచ్చినచో మగకుక్క యజమాని పాలు ఎక్కువ. పొరుగున ఎదకు వచ్చిన కుక్క ఉన్నదని చెప్పి హెచ్చరించిన పిదప కూడ ఆయన తన కుక్కను విడిచినచో ఇక చెప్పనక్కరలేదు. రెండు కుక్కలును యథేచ్ఛగా తిరుగుచుండినచో ఇద్దరును సమముగా భరింపవలెను. తండ్రి వీధికుక్క అయినచో, పిల్లల పోషణ ఆడకుక్క యజమానిదే. వీధికుక్కను నియంత్రింపని లోపము స్థానిక సంస్థది. ఇవి చట్టపు లెక్కలు కావు. పొరుగువారు కూర్చుండి మాటాడుకొనుటకు పనికివచ్చు లెక్కలు. భరింపవలసినది వైద్యుని రుసుము, పిల్లలకు టీకాలు, ఎనిమిది వారములు తల్లితో ఉంచి పెంచుట, తగిన ఇండ్లు వెదకుట. ఈ పనులను ఇద్దరు పంచుకొన్నచో ఏ ఒక్కరికిని అవి మోయరానివి కావు.

కలసిన తరువాత ఏమి చేయవలెను?

కలయిక జరిగినదని తెలియగానే ఆడకుక్కను పశువైద్యునికి చూపవలెను. కలసిన తేదీని వ్రాసికొనవలెను. ఎద ఇంకను ముగియలేదు గనుక కట్టడి మానరాదు. చూలు నిలిచినదీ లేనిదీ సుమారు నాలుగు వారములకు అల్ట్రాసౌండు పరీక్షవలన తెలియును. పిల్లలు వద్దనుకొన్నవారికి తొలిదశలోనే అండాశయములను, గర్భాశయమును తొలగించు శస్త్రచికిత్స నిశ్చితమైన మార్గము. దానితో భవిష్యత్తు చింత కూడ తీరును.

మందుల దుకాణములో అడిగి తెచ్చిన సూదిమందులు, నాటుమందులు వాడరాదు. పూర్వము ఇట్టి సందర్భములలో ఈస్ట్రోజెన్ హార్మోను సూదివేయుట వాడుకలో ఉండెను. దానివలన ఎముక మూలుగ దెబ్బతిని రక్తము తయారగుట ఆగిపోవచ్చును. గర్భాశయమున చీము పట్టవచ్చును. రెండును ప్రాణాంతకములు.

కలయికతో వచ్చునది చూలు ఒక్కటియే కాదు. కుక్కల జననాంగములపై పుట్టు ఒక కంతి కలయిక ద్వారా ఒకదాని నుండి మరొకదానికి అంటుకొనును. అన్ని అంటువ్యాధుల వలె దీనికి సూక్ష్మజీవి కారణము కాదు. కంతిలోని సజీవకణములే రెండవ కుక్క శరీరమున నాటుకొని పెరుగును. కొన్నివేల సంవత్సరముల క్రిందట ఏదో ఒక కుక్కలో పుట్టిన కణములే నేటికిని ప్రపంచమంతట కుక్కనుండి కుక్కకు సాగివచ్చుచున్నవని జన్యు పరిశోధనలు తేల్చినవి. మనదేశపు వీధికుక్కలలో ఈ జబ్బు సాధారణము. అదృష్టవశాత్తు విన్‌క్రిస్టిన్ అను మందుతో చాలవరకు నయమగును. కలయిక జరిగిన రెండు కుక్కలను కొన్నినెలలు గమనించుచుండుట ఇద్దరు యజమానుల కర్తవ్యము.

శస్త్రచికిత్సపై అపోహలు

ఎద్దునకు విత్తుకొట్టించుట రైతునకు కొత్త కాదు. కాని కుక్క విషయమున అది పాపమని, దాని పౌరుషము నశించి కాపలా మానునని అనుకొనుట గలదు. కాపలా కాయుట వృషణములపై ఆధారపడిన గుణము కాదు. అది ఆడకుక్కలలోను సమానముగా ఉన్నది. ఒక ఈత అయిన తరువాతనే ఆడకుక్కకు శస్త్రచికిత్స చేయించవలెననుట మరొక అపోహ. అట్టి అవసరము లేదు. శస్త్రచికిత్స వలన గర్భాశయమున చీముపట్టు వ్యాధి భయము తొలగును. కొన్ని లోపములును లేకపోలేదు. కుక్క లావెక్కవచ్చును, తిండి తగ్గించి నడిపింపవలెను. కొన్ని ఆడకుక్కలకు పెద్దతనమున మూత్రము నిలువదు. పెద్దజాతులలో ఏ వయస్సున చేయించవలెనో వైద్యుని సలహా తీసికొనవలెను.

మగకుక్క యజమానులు గుర్తింపవలసిన విషయమొకటి కలదు. వృషణములు తీసివేసిన వెంటనే మగకుక్క వంధ్యము కాదు. మార్గమున మిగిలిన శుక్రకణముల వలన కొన్ని వారముల వరకు చూలు నిలుచుటకు అవకాశమున్నది. “ఆపరేషన్ అయినది గదా” అని మరునాడే వదలినందువలన పొరుగువారితో కొత్త తగవు పుట్టగలదు.

పిల్లల గతి

ఒక జత కుక్కలనుండి ఆరేండ్లలో 67,000 కుక్కలు పుట్టునను లెక్క ప్రచారములో ఉన్నది. అది కాగితముపై గుణకారము మాత్రమే. పుట్టినవన్నియు బ్రతికి, అన్నియు మరల ఈనినచో గదా ఆ లెక్క! కోల్‌కతాలోని భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధనా సంస్థవారు పశ్చిమ బెంగాలులో 95 ఈతలలో పుట్టిన 364 వీధికుక్కపిల్లలను గమనించి 2016లో ప్రకటించిన ఫలితము వేరుగా ఉన్నది. వాటిలో యుక్తవయస్సు వరకు బ్రతికినవి నూటికి 19 మాత్రమే. చనిపోయిన వానిలో నూటికి 63 చావులకు ప్రత్యక్షముగానో పరోక్షముగానో మనిషియే కారణము. వాహనముల క్రింద పడినవి, దెబ్బలు తిన్నవి, విషము తిన్నవి, ఎత్తుకొనిపోబడినవి ఇందులో ఉన్నవి. “వీధిలో వదలితే ఎట్లో బ్రతుకును” అను మాట ఎంత బూటకమో ఈ అంకెలు చెప్పుచున్నవి.

బ్రతికిన కొద్దిపాటి కుక్కలు వీధిగుంపులలో చేరును. టీకాలు లేని గుంపులు పెరిగినకొలది పిచ్చికుక్క కాటు భయమును పెరుగును. మనదేశమున మనుష్యులకు రేబిస్ సోకుట దాదాపు పూర్తిగా కుక్కకాటు వలననే. లక్షణములు బయటపడిన తరువాత ఆ వ్యాధికి చికిత్స లేదు. కాటు కూడ ఒక్కొక్కప్పుడు చాలును. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుడొకడు వీధికుక్కల దాడిలో మరణించెను. ఏ వీధికుక్కయు ఆకాశమునుండి ఊడిపడలేదు. దాని వెనుక, ఒక తరము క్రిందటనో రెండు తరముల క్రిందటనో, ఎవరో వేయుట మరచిన గేటు ఉండవచ్చును.

కుక్కకు తప్పొప్పులు తెలియవు. ప్రకృతి నియమమును అది పాటించినది. ఆ నియమమును తెలిసికొనగలిగినది, గోడ ఎత్తు పెంచగలిగినది, గేటు వేయగలిగినది, వైద్యుని వద్దకు తీసికొనిపోగలిగినది మనిషియే. ఆడకుక్క ఎదకు వచ్చిన దినముననే పొరుగింటికి పోయి “నాలుగు వారములు మీ కుక్కను కట్టివేయుడు, మాదానిని మేమును కట్టివేయుదుము” అని ఒక మాట చెప్పుటకు ఖర్చేమియు లేదు. ఆ నాలుగు వారములు గడచిన పిదప రెండు నెలలు ఆగి, కుక్కలు రెండింటిని ఒకేనాడు పశువుల ఆస్పత్రికి తీసికొనిపోయి శస్త్రచికిత్స చేయించినచో, పిల్లల బాధ్యత ఎవరిది అను ప్రశ్నయే పుట్టదు.